పట్టు సంచిలో ఫోను

చిత్తూరులో మా వీధి పెరుమాళ్ల గుడిలో దేవనాథన్ చేసే చక్కెర పొంగలి ఎలా ఉంటుందో ఎవరినడిగినా చెబుతారు. అది నేను చెప్పాల్సిన పని లేదు. నేను చెప్పబోయేది ఆయన ఫోను సంగతి. ఆ ఫోను ఏమైందో పూర్తిగా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, ఎందుకంటే ఆ రోజు వంటింటి గుమ్మం బయట నిలబడి గొంతు చించుకున్నది నేనే.

నా పేరు బాలసుబ్రమణ్యం. గుడికి ఎదురుగా మోటారు వైండింగ్ షాపు నాది. దేవనాథన్, నేను ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నాం. అందుకే వీధంతా ఆయన్ని ‘మీరు’ అంటుంటే నేను మాత్రం ‘నువ్వు’ అంటాను, చివర ఒక ‘స్వామీ’ తగిలించి సరిపెట్టుకుంటాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా వీధిలో పేరు. ఉండదా మరి? తడి చేత్తో స్విచ్చు వేసేవాళ్లనూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి బండి నడిపేవాళ్లనూ రోజూ చూస్తూ శాంతంగా కూర్చోవడం నా వల్ల కాదు.

దేవనాథన్ నాకు పూర్తిగా తిరగేసిన మనిషి. గొంతు పెంచడు, తొందరపడడు. గుడి వంటింటిని పోటు అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ పోటు ఆయనదే. తెల్లారకముందే తలస్నానం చేసి, విడిగా ఆరేసిన పంచె కట్టుకుని లోపలికి వెళ్తే, పెరుమాళ్లకు ఆరగింపు, అంటే నైవేద్యం, అయ్యేదాకా బయటి మనిషిని ముట్టడు, బయటి వస్తువును ముట్టడు. దాన్నే మడి అంటారు. ఎవరైనా పొరపాటున తగిలితే మళ్లీ స్నానం, మళ్లీ పంచె, ఒక్కోసారి మళ్లీ వంట. దేవుడి కంటే ముందు రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో తెలుసుకునే వీలు లేదు. గిన్నెలో ఉడుకుతున్న చప్పుడు విని దించేస్తాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఉప్పు తప్పింది లేదు. మా ఇంట్లో మాత్రం మూడుసార్లు రుచి చూసినా తప్పుతుంది, ఆ మాట ఇంట్లో అనలేను.

ఇంత నిష్ఠ గల మనిషికి ఫోనుతో ఏం పని అంటారా? హంసిని కోసం.

హంసిని ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆరో తరగతిలో ఉండగా బడిలో నిర్మలమ్మ అనే ఆటల టీచరు ఆ పిల్ల పరుగు చూసి ఖో-ఖో జట్టులోకి లాక్కున్నారు. ‘పోటుస్వామి కూతురు లంగా ఎగ్గట్టి మట్టిలో పొర్లుతాండాది’ అని వీధిలో కొందరు మూతులు తిప్పారు.  దేవనాథన్ సాయంత్రం పిల్ల మోకాళ్ల మీద పసుపు అద్ది, మళ్లీ ఆటకు పంపాడు. ఇప్పుడు ఆ పిల్ల ఇంటర్ రెండో ఏడాది. కాలేజీ జట్టుకు తనే కెప్టెను.

అయితే ఒక చిక్కు ఉంది. ఖో-ఖో పోటీలన్నీ ఎండ ముదరకముందే, పొద్దున పూటే పెడతారు. పొద్దున పూటంతా ఈయన పోటులో మడితో ఉంటాడు. ఆరేళ్లలో కూతురు ఆడుతుంటే ఆయన ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. భార్య రంగప్రియమ్మ ప్రతి పోటీకీ కూతురి వెంట వెళ్లి వీడియో కాల్ చేసేది. ఆమె పట్టుకుంటే ఫోనులో సగం సేపు ఆకాశం, సగం సేపు పక్కవాళ్ల చెప్పులు. దేవనాథన్‌కు అదే మహాభాగ్యం.

మరి మడిలో ఉన్న మనిషి ఫోను ఎలా ముట్టుకుంటాడు? దానికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. నూలు బట్టకు అంటు ఉంటుంది గానీ పట్టుకు అంటు లేదని వాళ్ల ఆచారం. అందుకే రంగప్రియమ్మ పాత పట్టుచీర కొంగు చించి, ఫోనుకు సరిగ్గా సరిపోయే సంచి కుట్టించాడు. ముందువైపు తెర కనబడేలా కిటికీలా కోయించాడు. వేలికి ఒక పట్టు పీలిక చుట్టుకుని తెర నొక్కేవాడు. మూడుసార్లు నొక్కితే ఒకసారి పలికేది. ఫోను పాతది, చార్జింగు అరగంట కూడా నిలబడదు. పోటు మొత్తానికి ప్లగ్గు ఒక్కటే, గ్రైండరు కోసం పెట్టింది, కట్టెల పొయ్యికి రెండడుగుల దూరంలో. దాని పైన గోడకు మేకు కొట్టి, సంచిని దానికి తగిలించి, చార్జరు గుచ్చి, పొంగలి తిప్పుతూ ఆట చూసేవాడు.

మధ్యాహ్నం గుడి మూశాక నేరుగా నా షాపుకు వచ్చేవాడు. పంచె పైకి దోపి, రిపేరుకు వచ్చిన మోటార్ల మధ్య అటు దూకి ఇటు దూకి, హంసిని ఎలా తప్పించుకుందో చూపించేవాడు. యాభై నాలుగేళ్ల మనిషి. ఒకరోజు అలా దూకుతూ నా రాగి తీగ చుట్ట మీద పడ్డాడు. నేను తిట్టాను. ఆయన లేచి, “నిజంగా ఇట్లనే పడింది సుబ్రమణ్యం, పడి మళ్లీ లేసింది” అన్నాడు.

పోయిన నెలలో ఒకసారి, “పట్టు ఉతికితే ముడుచుకుంటుందా అప్పా? సంచి బిగుతైంది, ఫోను దూరడంలేదు” అని అడిగాడు. నేను ఒక మోటారు ఆర్మేచరుకు తీగ చుడుతూ తల వంచుకుని ఉన్నాను. “ముడుచుకుంటుందేమోలే స్వామీ” అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. పట్టు సంగతి నాకేం తెలుసు? ఫోను సంగతి తెలుసు కదా, అది అడగాల్సింది.

ఆ శనివారం పలమనేరులో జిల్లా కాలేజీల పోటీలు. పొద్దున ఎనిమిదిన్నరకు సెమీస్, పదకొండుకు ఫైనల్స్. ఇంటర్ అయిపోతే హంసిని ఈ జట్టులో ఉండదు, ఇదే ఆఖరు. ముందు రోజంతా దేవనాథన్ నిలబడలేదు, కూర్చోలేదు. షాపుకు నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ ఒకే మాట చెప్పాడు, పోటీకి వచ్చే ఒక జట్టులో పొడుగు కాళ్ల పిల్ల ఒకతె ఉందని.

శనివారం పొద్దున గుడి పెరట్లో బోరు మోటారు మొరాయించిందని నన్ను పిలిచారు. దాన్ని సరిచేసి, చేతులు తుడుచుకుంటూ పోటు గుమ్మం దగ్గరికి వచ్చాను. గుమ్మం దాటి లోపలికి పోయే హక్కు నాకు లేదు, అక్కడే నిలబడి పలకరించడం అలవాటు. లోపల దేవనాథన్ పెద్ద గరిటెతో పొంగలి తిప్పుతున్నాడు. ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను గోడ మీద. ఆయన అన్న కొడుకు ముకుంద్ అటుపక్క పులిహోర కలుపుతున్నాడు. ముకుంద్‌కు నలభై దాటాయి, పదేళ్లుగా చిన్నాయన కింద పని చేస్తున్నాడు.

“ఏం స్వామీ, గెలుస్తాండారా?” అన్నాను.

“మనోళ్లు తొమ్మిది, వాళ్లు ఎనిమిది. ఇప్పుడు వాళ్లు తరుముతాండారు. మనోళ్లు దొరక్కుండా నిలబడితే సాలు. ఇంక మూడు నిమిషాలుండాది, హంసిని దిగింది.”  గరిటె పొంగలిలో తిరగాల్సిన దానికంటే వేగంగా తిరుగుతోంది.

నాకూ హుషారు వచ్చింది. గుమ్మం మీద చెయ్యి ఆనించి, మెడ చాపి ఫోను వైపు చూశాను. తెరలో హంసిని ఎర్ర బనీను అటూ ఇటూ మెరుస్తోంది. ఆ తర్వాత సంచి చూశాను. కుట్ల దగ్గర పట్టు బిగిసి తెల్లబారింది. సంచి వీపు ఉబ్బి గోడను నెట్టుకుని నిలబడింది. తెర అద్దం ఒక అంచున పైకి లేచి, సందులోంచి వెలుతురు కనబడుతోంది. 

“స్వామీ, ఆ సంచి మళ్లీ కుట్టించినావా?”

“రెండుసార్లు వదులు చేయించినా. మళ్లీ బిగుతైంది.”

“అది సంచి ముడుచుకొనేది కాదు స్వామీ. లోపల బ్యాటరీ ఉబ్బింది. పొయ్యి పక్కన వేడి, సంచిలో వేడి, చార్జింగు వేడి. పేలుతుంది అది. తీసేయ్.”

“రెండు నిమిషాలే అప్పా. తీస్తే ఆగిపోతుంది.”

“రెండు నిమిషాలుండాదో లేదో నీకు తెలుసా? తీసేయ్ అంటాండా.”

ఆయన తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. అక్కడ ఎవరో ‘ఖో’ అని అరిచారు. ఎర్ర బనీను కిందపడి, దొర్లి, లేచింది. దేవనాథన్ గరిటె తిప్పడం మానేశాడు. నాకు ఇక ఓపిక పట్టలేదు, కాలు ఎత్తి గుమ్మంలో పెట్టబోయాను. ఆయన ఒక్కసారిగా గరిటె నా వైపు చాపాడు.

“రావద్దు సుబ్రమణ్యం. నువ్వు అడుగు పెడితే ఇదంతా పారబోయాల. తొమ్మిదిన్నరకు ఆరగింపు.”

బయట అప్పటికే వందమంది దాకా వచ్చి కూర్చున్నారు. నా కాలు గాల్లోనే ఆగిపోయింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు దేవుడి మీద కాదు, పట్టు మీద కోపం వచ్చింది.

అప్పుడు గోడ మీద నుంచి సుయ్‌మని చప్పుడు. పల్చగా పొగ. దేవనాథన్ ఉలిక్కిపడి ఎడమ చేత్తో సంచి పట్టుకున్నాడు, పట్టుకున్నంత వేగంగా వదిలేశాడు. ముకుంద్ నీళ్ల చెంబు ఎత్తాడు.

“నీళ్లు పోయొద్దు, కరెంటు ఉండాది” అని అరిచాను. మెయిన్ స్విచ్చు వరండాలో నా పక్కనే ఉంది. ఒక్క దూకులో పోయి దించేశాను. పోటులో బల్బు ఆరిపోయింది, పొయ్యి వెలుగు మాత్రం మిగిలింది. “ఇప్పుడు పట్టకారుతో పట్టుకో స్వామీ. సేత్తో ముట్టొద్దు, గట్టిగా నొక్కొద్దు. వెనక వాకిట్లో ఇసుకలో పడేయ్. మొగం దూరంగా పెట్టు, పొగ పీల్చొద్దు.”

ఆ మనిషిలో అంత వేగం ఉందని నాకు తెలియదు. గిన్నెలు దించే పొడుగు పట్టకారు అందుకుని, సంచిని మేకు మీద నుంచి ఎత్తి, చార్జరు తీగ తోకలా వేలాడుతుండగా వెనక వాకిలికి ఉరికాడు. గోడ మరమ్మతుకు పోయించిన ఇసుక కుప్ప అక్కడుంది. సంచి ఇసుకలో పడీ పడగానే బుస్సుమని మంట లేచింది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, ఆ వాసన పెరడంతా కొట్టింది. నేను చుట్టూ తిరిగి పరుగెత్తి పార అందుకుని ఇసుక ఎత్తి పోశాను. మంట అణిగింది.  అది పొయ్యి పక్కన నూనె డబ్బాల మధ్య పేలి ఉంటే?

తిరిగి చూస్తే దేవనాథన్ లేడు. పోటులో పొయ్యి వెలుగులో పొంగలి తిప్పుతున్నాడు. అడుగంటకుండా చూసుకుని, గిన్నె దించి, అప్పుడు గుమ్మం వైపు తల తిప్పాడు.

“హంసిని దొరికిందా అప్పా?”

నాకేం తెలుసు? చివరి నిమిషంలో మా ఇద్దరి కళ్లూ తెర మీద లేవు. వాళ్లు గెలిచారో, ఓడారో, ఫైనల్స్‌లో ఉన్నారో లేదో తెలియదు.

“రంగప్రియమ్మకు నా ఫోనులో నుంచి సేస్తా. నంబరు సెప్పు” అన్నాను.

 ఆళ్వార్లు పాడిన నాలుగు వేల పాశురాలు కంఠతా వచ్చిన మనిషికి భార్య నంబరు పది అంకెలు రావు. అన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి, ఆ ఫోను ఇసుకలో ఉంది. ముకుంద్ ఫోను ఇంట్లో పెట్టి వస్తాడు, ఇల్లు ఊరికి ఆ చివర. నా దగ్గర దేవనాథన్ నంబరు తప్ప ఆ ఇంట్లో ఎవరి నంబరూ లేదు. ఇంతకాలం వీధివాళ్లందరికీ బుద్ధులు చెప్పిన నేను, నాలుగు నంబర్లు కాగితం మీద రాసుకోమని ఈయనకు చెప్పనే లేదు.

“ప్రతి ఆటకు ముందు ఫోను చేస్తుంది” అన్నాడు మెల్లగా. “‘నాయనా, దిగుతాండా’ అంటుంది, అంతే. ఆ మాట సెప్పకుండా ఎప్పుడూ దిగలేదు. ఇప్పుడు చేస్తే స్విచ్చాఫ్ అని వస్తుంది. నాకేమైందో అనుకుంటుంది.”

గర్భగుడి తెర తీశారు. ఆరగింపు అయింది. గంట మోగుతుంటే దేవనాథన్ ఒక మూల నిలబడి చేతులు జోడించాడు గానీ కళ్లు మూయలేదు. కాలిన వేళ్లను నేను పదినిమిషాలు కుళాయి కింద పెట్టించాను. తుడుచుకుంటూ ముకుంద్ వైపు తిరిగాడు.

“ముకుందా, మధ్యాహ్నం ఆరగింపు నువ్వు చెయ్యగలవా?”

ఇరవై రెండేళ్లలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. జ్వరంతో వణుకుతూ కూడా ఆ గరిటె ఇంకొకరికి ఇచ్చినవాడు కాదు. ముకుంద్ కడుగుతున్న గిన్నె కింద పెట్టాడు.

“పదేండ్లుగా నీ పక్కనే ఉండా గదా చిన్నాయనా. నాకు రాదనుకుంటివా? పో, పాపను చూసి రా.” ఆ మాటలో కొంచెం నొప్పి ఉంది, కొంచెం సంతోషం ఉంది. దేవనాథన్ గరిటె అతని చేతిలో పెట్టాడు. ఇసుక కుప్పను మూడు రోజుల దాకా ఎవరూ కదపొద్దని నేను ముకుంద్‌కు గట్టిగా చెప్పి బండి తీశాను.

పిలకకు ముడి ఉన్న తల మీద హెల్మెట్టు దూరదని దేవనాథన్ వాదన. దూరకపోతే బండి కదలదని నా వాదన. చివరికి ముడి విప్పించి పెట్టించాను. నుదుటి మీద నామం అంతా పులుముకుపోయింది. ఆయన పట్టించుకోలేదు. “ఎంతసేపు పడుతుంది? గంటలో పోతామా?” అని అడుగుతూనే ఉన్నాడు. నా ఫోను సీటు కింద డబ్బాలో పెట్టి తాళం వేశాను. నా ఒంటి మీద ఉంటే చెయ్యి దాని మీదికే పోతుందని నాకు తెలుసు.

బంగారుపాళెం దాటాం. బెంగళూరు రోడ్డు, లారీలు ఒకదాని వెనక ఒకటి. వాళ్లు సెమీస్‌లో ఓడిపోయి ఉంటే మేము వెళ్లేసరికి బస్సెక్కి ఉంటారు. ఆ మాట నేను అనలేదు, ఆయనా అనలేదు. మొగిలి ఘాటు మొదలయ్యే చోట సీటు కింద ఫోను మోగింది.

“రంగప్రియే అయ్యుంటుంది. నీ నంబరు ఎవర్నన్నా అడిగి చేస్తాంటుంది. తియ్యప్పా” అని నా భుజం పట్టి ఊపాడు.

“బండి మీద తియ్యను.”

“ఒక్క మాట సుబ్రమణ్యం. గెలిచినారా లేదా, ఒక్క మాట.”

“ఒక్క మాటకే మనిషి లారీ కిందికి పోతాడు. ఆగు.” నాకూ ప్రాణం కొట్టుకుంటోంది, అబద్ధం ఎందుకు. అప్పుడే ఎదురుగా మలుపులోంచి ఒక బండి వచ్చింది. నడిపేవాడు ఫోనును హెల్మెట్టులోకి దోపి నవ్వుతూ మాట్లాడుతున్నాడు, బండి సగం మా వైపు ఉంది. నేను బండిని రోడ్డు అంచుకు తిప్పేశాను. అతని అద్దం నా మోచేతిని రాసుకుని పోయింది. మేము తప్పుకున్న సంగతే అతనికి తెలియదు, అదే నవ్వుతో వెళ్లిపోయాడు. నేను వెనక్కి తిరిగి తిట్టిన తిట్లు పోటుస్వామి పక్కన ఉండగా తిట్టాల్సినవి కావు.

రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి, డబ్బా తెరిచి చూశాను. బావి మోటారు ఎప్పుడిస్తావని ఒక రైతు. దేవనాథన్ నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. “పోనియ్యి” అన్నాడు. అంతకుముందు నా భుజం ఊపిన చెయ్యి ఇప్పుడు గట్టిగా సీటు పట్టుకుని ఉంది.

పలమనేరులో చలిగాలి. మైదానం గేటు దగ్గరికి పోతుండగానే మైకులో వినబడింది. మా కాలేజీ పేరు. ఫైనల్స్. దేవనాథన్ బండి ఆగకముందే దిగబోయాడు, నేను పంచె పట్టుకుని ఆపాను.

రంగప్రియమ్మ మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడి ఉంది. చేతిలో ఫోను పట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా అలవాటుగా మైదానం వైపే చూపిస్తోంది.  భర్తను చూడగానే గబగబా అందుకుంది. “ఫోను ఎందుకు ఆపేసినారు? పాప మూడుసార్లు చేసింది. నాయనకేమైంది, నాయనకేమైంది అని ఒకటే అడగడం. పరిగెత్తే వంతులో దిగీ దిగగానే దొరికిపోయింది. ఎప్పుడన్నా అట్ల దొరికిందా అది?”

“ఇప్పుడెంత?”

“వాళ్లకంటే అయిదు తక్కువ. ఇది ఆఖరి వంతు, మనోళ్లు తరమాల. నాలుగు నిమిషాలే ఉండాది.”

హంసిని గళ్లలో కూర్చున్న వరుసలో మూడోది, మా వైపు మొహం పెట్టి, చేతులు నేలకు ఆనించి ఉంది. మొహంలో జీవం లేదు. కళ్లు ఎత్తి అమ్మ చేతిలో ఫోను ఉండే చోటికి చూసింది, అది ఆ పిల్ల అలవాటు అయ్యుంటుంది. ఫోను పక్కన హెల్మెట్టు చంకలో పెట్టుకుని, నామం చెదిరి, పిలక గాలికి ఎగురుతూ, మడి పంచెతో తండ్రి నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల మొహం మారిన తీరు నేను రాయలేను. దేవనాథన్ చెయ్యి ఎత్తి ఊపాడు. 

వెనక నుంచి వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ వినబడడమే ఆలస్యం, హంసిని గళ్లోంచి లేచిన తీరు చూసి పాత శిష్యురాలి ఆట చూడ్డానికి వచ్చి నా పక్కన నిలబడ్డ బడి టీచరు నిర్మలమ్మ, “వచ్చింది నా బిడ్డ” అన్నారు. మొదటి పిల్లను నాలుగడుగుల్లో తాకింది. రెండో పిల్ల స్తంభం చుట్టూ తిప్పించాలని చూసింది, హంసిని స్తంభం పట్టుకుని ఒళ్లంతా గాల్లోకి విసిరి చీలమండ మీద తట్టింది. దేవనాథన్ నా చెయ్యి పట్టుకుని నలిపేస్తున్నాడు, కాలిన వేళ్లతోనే. మూడోది ఆ పొడుగు కాళ్ల పిల్ల. దాన్ని పట్టడానికి నిమిషం పైన పట్టింది. ఖో మీద ఖో, ఎనిమిది మందీ ఒకరి వెనక ఒకరు లేస్తున్నారు. చివరికి మళ్లీ హంసినికే వచ్చింది, మళ్లీ హంసినే తాకింది. దేవనాథన్ అప్పుడు ఎగిరాడు. నిజంగా ఎగిరాడు, రెండు కాళ్లూ నేల వదిలి. పక్కనున్న నలుగురు కాలేజీ పిల్లలు ఆట మానేసి ఆయన్నే చూశారు. ఆ తర్వాత కొత్తగా దిగిన ముగ్గురిలో ఒక పిల్ల, మొత్తం మీద నాలుగోది, కూడా దొరికింది. అయిదో పిల్ల వెనక హంసిని వేళ్లు జానెడు దూరంలో ఉండగా ఈల మోగింది.

ఒక్క పాయింటుతో ఓడిపోయారు. జట్టులో కొందరు నేల మీద కూర్చుని ఏడ్చారు. దేవనాథన్‌కు ఆ సంగతి తలకెక్కలేదనుకుంటాను, ఎవరు గెలిచారని కూడా అడగలేదు. తాడు దాటి లోపలికి నడిచాడు. ఎవరూ ఆపలేదు.

హంసిని మైదానం మధ్యలో నడుము వంచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఒళ్లంతా దుమ్ము, మోచేతి మీద రక్తం. ఊపిరి ఈలలా వచ్చి పోతోంది. దేవనాథన్ దగ్గరికి వెళ్లి ఒక్క క్షణం ఆగాడు. మడి ఎప్పుడో పోయినా, మడి అలవాటున్న మనిషి ఆగే తీరు అది. ఆ తర్వాత చెయ్యి చాపి కూతురి వీపు మీద పెట్టాడు. ఆ వీపు లేచి పడుతుంటే ఆయన చెయ్యి కూడా లేచి పడుతోంది.

“ఫోనులో నువ్వు ఇట్ల ఆయాసపడేది తెలీలేదమ్మా” అన్నాడు.

హంసిని ఏదో చెప్పబోయింది గానీ ఊపిరి అందలేదు. ఆయన చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు.